కాలువ కట్టేశారు సరే, ఎండిందా?

నాది ఆత్రేయపురం అని చెప్పగానే ఎవరైనా అనే మొదటి మాట ఒకటే.. "ఈసారి ఊరెళ్ళినప్పుడు పూతరేకులు పట్టుకురండి". 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చాక ఆఫీసులో ఈ ఆర్డర్లు ఇంకా పెరిగాయి. ముందే చెప్పేస్తున్నా, ఈ టపాలో పూతరేకుల్లేవు. ఈసారి ఊర్నుంచి కాలువ తెచ్చాను. సి ప్రోగ్రాముల్లో మెమరీ ఎప్పుడు వదిలెయ్యాలి అన్నదాని మీద చాన్నాళ్ళుగా రాద్దామనుకుంటున్న నాలుగు ముక్కలకి ఆ కాలువే దారి చూపించింది.

మా వైపు సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాతెప్పుడో కట్టింది. కోనసీమకి నీళ్ళిచ్చే కాలువకి తల మా మండలంలోని బొబ్బర్లంక దగ్గరే. కొంచెం కిందికొస్తే లొల్ల లాకులు. పేరు తెలియకపోయినా సినిమాల్లో చూసే ఉంటారు. ఏటా వేసవిలో దాళ్వా కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు. పూడిక తియ్యాలన్నా, తూములు బాగుచెయ్యాలన్నా, లాకుల తలుపులకి మరమ్మతు చెయ్యాలన్నా ఆ కొద్ది వారాలే గతి. మళ్ళీ తొలకరికి నీళ్ళు వదిలేస్తారు.

నా చిన్నప్పుడు ఒక ఏడు మా బాబాయి చేలోకి నీళ్ళొచ్చే తూము పగిలిపోయింది. కాలువ కట్టేసినప్పుడు బాగుచేయిద్దామని కాచుక్కూచున్నాడు. ఫలానా రోజు నుంచి కాలువలు బంద్ అని పేపర్లో పడింది. ఆ రోజు పొద్దున్నే మేస్త్రీని పట్టుకొచ్చి, గట్టు తవ్వించి, పాత తూము పీకించి, సాయంత్రానికల్లా సిమెంటు పని కానిచ్చేశాడు. కాలువలో ఇంకా మోకాలి లోతు నీళ్ళున్నాయి. "కట్టేశారుగా, అవే పోతాయి" అని ధీమా. ఆ రాత్రి పైన లాకుల దగ్గర నిలవున్న నీళ్ళన్నీ కిందికి వదిలారు. తెల్లారి చూస్తే సిమెంటు లేదు, గట్టు లేదు. చేలో మాత్రం చేపలున్నాయి.

బాబాయి లాకుల దగ్గరికెళ్ళి లస్కరు మీద ఇంతెత్తున లేచాడు. ఆయన చుట్ట పక్కన పెట్టి, తాపీగా "తలుపులు దించేమన్నారు గానండీ, కాలువ ఎండిందని మీకెవరు చెప్పేరండీ?" అన్నాడంతే.

అప్పుడు నవ్వుకున్నాం. ఆ మాట విలువ నాకు చాలా ఏళ్ళ తర్వాత హైదరాబాదులో, ఒక ఏసీ గదిలో చెమటలు పడుతుండగా తెలిసింది.

సరే, అసలు విషయానికొద్దాం. సి తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. సి లో మెమరీ కావాలంటే మనమే అడిగి తీసుకోవాలి. దానికి మాలోక్. పనయ్యాక మనమే తిరిగిచ్చెయ్యాలి. దానికి ఫ్రీ. జావాలోలాగా వెనకాల చీపురు పట్టుకుని ఊడ్చేవాడెవడూ ఉండడు. తిరిగివ్వడం మర్చిపోతే లీకు. రెండుసార్లు తిరిగిస్తే డబుల్ ఫ్రీ. ఇచ్చేశాక కూడా మనదే అనుకుని వాడేస్తే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. మూడింట్లో మూడోదే మహా ముదురు.

వరసగా నడిచే మామూలు కోడులో ఈ గొడవకి చక్కని మందు ఎప్పుడో ఉంది. ఫైలు తెరిచాం, బఫరు తీసుకున్నాం, లాకు వేశాం, నాలుగో మెట్టు దగ్గర కాలు జారింది. ఏం చెయ్యాలి? ఎక్కిన మెట్లే ఎదురు క్రమంలో దిగాలి. లాకు తియ్యి, బఫరు ఇచ్చెయ్యి, ఫైలు ముయ్యి, బయటపడు. దీనికి సి వాళ్ళు గోటూ వాడతారు. 1968లో డైక్‌స్ట్రా గోటూని తిట్టిన తిట్లు కాలేజీలో బట్టీ పట్టినవాళ్ళకి ఇది చూస్తే ఒళ్ళు మండుతుంది గానీ, లినక్స్ కెర్నెల్ కోడింగు నియమాల్లోనే ఈ వాడకాన్ని సిఫార్సు చేశారు. ఫంక్షను చివర్లో దిగే మెట్లన్నీ ఒకేచోట ఉంటే, మధ్యలో ఎక్కడ జారినా సరైన మెట్టు మీదకి దూకితే చాలు.

"మరి 2014లో ఆపిల్ వాళ్ళ గోటూ ఫెయిల్ సంగతేంటి" అంటారా. అక్కడ తప్పు గోటూది కాదు. ఆ లైను పొరపాటున రెండుసార్లు పడింది. రెండోది ఏ షరతూ లేకుండా, అసలు తనిఖీ జరక్కుండానే చివరికి దూకింది. అప్పటికి ఎర్రరు వేరియబుల్‌లో ఉన్నది సున్నా, అంటే "అంతా బాగుంది". అంతకు ముందు మెట్టు బాగానే ఎక్కామన్న మాటని, మెట్లన్నీ ఎక్కేశామన్న మాటగా తీసుకుంది ప్రోగ్రాము. ఈ పోలిక గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇప్పుడు అసింక్రనస్ కోడు. పని ఎవరికో అప్పజెప్పి, "అయ్యాక ఈ నంబరుకి ఫోన్ చెయ్యి" అని చెప్పి మన పనిలో మనం పడటం. ఆ ఫోన్ నంబరే కాల్‌బ్యాక్. ఇక్కడే గోటూ మందు పనిచెయ్యదు. ఎందుకంటే పని అప్పజెప్పిన ఫంక్షను ఎప్పుడో ముగిసి ఇంటికెళ్ళిపోయింది. దాని స్టాకు పోయింది, దాని చివర పేర్చుకున్న దిగే మెట్లూ పోయాయి. ఎర్రరు మాత్రం తీరిగ్గా ఆ తర్వాతొస్తుంది. అప్పుడు ఎవరు దిగాలి, ఎక్కణ్ణుంచి దిగాలి? దీనికి భాష జవాబు చెప్పదు. మనమే చెప్పాలి. నేను చెప్పిన తప్పు జవాబు కథే ఇది.

కొన్నేళ్ళ క్రితం మాదొక గేట్‌వే ప్రోగ్రాము ఉండేది. ఊళ్ళో మీటర్లన్నీ దానికి కనెక్టయి రీడింగులు పంపేవి. ఒక్కో కనెక్షనుకి ఒక్కో స్ట్రక్చరు. అందులో ఒక సాకెట్టు, ఒక టైమరు, ఒక బఫరు, ఇవి కాక ఈ మీటరు ఏ ఖాతాదారుడిదో వెతికే పని ఒకటి. వెతకడానికి టైము పడుతుంది కాబట్టి దాన్ని ఒక వర్కర్ థ్రెడ్‌కి అప్పజెప్పేవాళ్ళం. దొరగ్గానే అది స్ట్రక్చర్‌లో ఖాతా నంబరు రాసేసి, కాల్‌బ్యాక్ పిలిచేది. ఈవెంట్ లూపుతో సహా అంతా మేం ఇంట్లో వండుకున్నదే.

సాకెట్టులో ఎర్రరొస్తే ఏం చెయ్యాలో నేనే రాశాను. టైమరు ఆపు. వెతుకులాట రద్దు చెయ్యి. సాకెట్టు ముయ్యి. స్ట్రక్చరు ఫ్రీ చెయ్యి. నాలుగే లైన్లు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

కోడు రివ్యూలో అప్పుడే కొత్తగా చేరిన అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. "సర్, ఈ రద్దు ఫంక్షను ఒక విలువ తిరిగిస్తోంది కదా, మనం చూడట్లేదేంటి? రద్దు కాకపోతేనో?"

నేనేమన్నానో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "కాకపోతే మాత్రం మనం చేసేదేముందమ్మా? ఎలాగూ కనెక్షను పోయింది కదా."

ఆ అమ్మాయి ఇంకేమీ అనలేదు. నాకప్పటికి పదేళ్ళ పైచిలుకు అనుభవం మరి.

కొన్ని నెలలు అంతా సజావుగా నడిచింది. తర్వాత ఒక ఫిర్యాదు. తాళం వేసున్న ఇంటికి రీడింగు వచ్చిందట. మేం లాగులు చూసి "మా వైపు ఏ తేడా లేదు, మీటరే పోయుంటుంది" అని రాసి పంపాం. ఆ రాసింది కూడా నేనే. మీటరు మార్చారు. ఇంకో నెలకి ఇంకెక్కడో ఇంకో ఫిర్యాదు. వేలల్లో ఒకటి. క్రాష్ లేదు, ఎర్రరు లేదు, లాగులో ఒక్క ఎర్ర గీత లేదు. అందుకే ఎవరూ మమ్మల్ని అనుమానించలేదు. మమ్మల్ని మేం అస్సలు అనుమానించుకోలేదు.

జరిగిందేమిటంటే, వర్కర్ థ్రెడ్ వెతుకులాట మధ్యలో ఉండగా కనెక్షను తెగింది. నా నాలుగు లైన్లూ నడిచాయి. రద్దు ఫంక్షను "ఆ పని ఇప్పటికే మొదలైపోయింది, ఆపలేను" అని నిజాయితీగా చెప్పింది. నేను వినలేదు. స్ట్రక్చర్ని ఫ్రీ చేసేశాను. మరుక్షణం ఇంకో మీటరు కనెక్టయింది, దానికీ అదే సైజు స్ట్రక్చరు కావాలి. మాలోక్ ఏమిచ్చింది? సరిగ్గా ఆ ముక్కే ఇచ్చింది. ఇదేదో కోటికొకసారి జరిగే దురదృష్టం కాదు. జీ-లిబ్‌సీలో 2017లో వచ్చిన 2.26 వెర్షన్ నుంచి ఒక్కో థ్రెడ్‌కీ చిన్న నిలవ పెట్టె ఉంటుంది. చిన్న ముక్కల్లో చివరగా తిరిగిచ్చిందే, అదే సైజు అడిగినవాడికి ముందుగా ఇచ్చేస్తుంది. వేగం కోసం చేసిన ఏర్పాటది, తప్పుపట్టడానికి లేదు. ఈలోగా వర్కర్ థ్రెడ్ వెతుకులాట ముగించి, తనకి తెలిసిన పాత చిరునామాలో పాత ఖాతా నంబరు రాసేసింది. కొత్త మీటరు రీడింగు పాత ఖాతాలో పడింది.

అద్దె ఇల్లు ఖాళీ చేసి పోస్టాఫీసులో చిరునామా మార్చుకోకపోతే ఏమౌతుంది? మన మనియార్డరు కొత్తగా దిగినవాళ్ళు సంతకం పెట్టి తీసుకుంటారు. అంతే.

అందుకే నేనంటాను, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ వల్ల క్రాష్ అయితే మీరు అదృష్టవంతులు. క్రాష్ కాకపోతేనే భయపడాలి. ఒకళ్ళ లెక్క ఇంకొకళ్ళ నెత్తిన పడుతుంది, ప్రోగ్రాము నవ్వుతూ నడుస్తూనే ఉంటుంది. 2020లో క్రోమియం వాళ్ళు తమ తీవ్రమైన సెక్యూరిటీ బగ్గుల లెక్క తీస్తే దాదాపు 70 శాతం మెమరీ గొడవలే, అందులో సగం ఈ యూజ్ ఆఫ్టర్ ఫ్రీలే. అంత పెద్ద టీము, అన్ని టెస్టులు ఉన్నవాళ్ళకే అలా ఉంటే మనమెంత.

ఇదంతా వెంటనే అర్థమైపోయిందనుకోకండి. అనుమానం వచ్చాక కూడా మూడు తప్పుడు మందులు వేశాను. సిగ్గుపడకుండా చెప్తా, ఎవరికైనా పనికొస్తాయి.

మొదటి మందు: ఫ్రీ చెయ్యగానే పాయింటర్ని నల్ చెయ్యడం. పుస్తకాల్లో రాసే సలహాయే. కానీ నేను నల్ చేసింది నా దగ్గరున్న కాపీని. వర్కర్ థ్రెడ్ దగ్గర దాని కాపీ దానికుంది. నా చీటీ చింపేసుకుంటే వాడి జేబులో చీటీ ఎలా చిరుగుతుంది?

రెండో మందు: స్ట్రక్చర్‌లో "మూసేశాం" అని ఒక గుర్తు పెట్టి, కాల్‌బ్యాక్‌లో ముందు దాన్ని చూడటం. వినడానికి బాగుంది. కానీ గుర్తు ఎక్కడుంది? ఫ్రీ చేసిన స్ట్రక్చర్‌లోనే. ఇల్లు పడగొట్టేసి, ఆ ఇంటి గోడ మీదే "ఈ ఇల్లు పడగొట్టబడినది" అని బోర్డు పెట్టినట్టుంది. పైగా కొత్త మీటరు అదే ముక్కలో దిగితే గుర్తు మళ్ళీ "తెరిచి ఉంది" అని చెప్తుంది.

మూడో మందు అన్నిటికన్నా ఘోరం. వెంటనే కాకుండా 5 సెకన్లాగి ఫ్రీ చెయ్యడం. ఫిర్యాదులు ఆగిపోయాయి! పార్టీ కూడా చేసుకున్నాం. తర్వాత ఒకరోజు డేటాబేసు నెమ్మదించి వెతుకులాటకి 8 సెకన్లు పట్టింది. మళ్ళీ మొదటికొచ్చింది. ఎన్ని సెకన్లు పెట్టినా ఇది "ఈపాటికి ఎండిపోయుంటుందిలే" అన్న బాబాయి లెక్కే. టైముతో పెట్టుకున్న నమ్మకం నమ్మకం కాదు, పందెం.

చివరికి పట్టించింది అడ్రస్ శానిటైజర్. టెస్టు మెషీన్లో దాంతో బిల్డు చేసి, వెతుకులాటలో కావాలని 2 సెకన్ల నిద్ర పెట్టి, మధ్యలో కనెక్షను తెంపాం. మొదటి నిమిషంలోనే మొత్తుకుంది. ఈ ముక్క ఎక్కడ తీసుకున్నారు, ఎక్కడ వదిలేశారు, వదిలేశాక ఎక్కడ ముట్టుకున్నారు.. మూడు చోట్లూ లైను నంబర్లతో సహా. అది ఫ్రీ చేసిన ముక్కల్ని వెంటనే ఇంకొకళ్ళకి ఇవ్వకుండా కొంతకాలం పక్కన పెట్టి ఉంచుతుంది, అందుకే దొరికింది. నెలల తరబడి మేం వెతికింది అది నిమిషంలో చెప్తే సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. ముందే వాడనందుకు తప్పు మాదే, ఆ పనిముట్టు జీసీసీలో 2013 నుంచీ ఉంది మరి.

ఇక నా అభిప్రాయం. ఇంత కథా చెప్పింది దీనికోసమే. రద్దు చెయ్యడం వేరు, ముగియడం వేరు. రద్దు అనేది విన్నపం. ముగియడం అనేది సంఘటన. మెమరీ వదలాల్సింది విన్నపం పెట్టుకున్న చోట కాదు, సంఘటన జరిగిన చోట.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. ఈ దారిలో ముందు నడిచినవాళ్ళంతా ఇదే చెప్పారు, మనమే చదవం. నోడ్ జేఎస్ వెనకాలున్న లిబ్‌యూవీ చూడండి. హ్యాండిల్ మూసే ఫంక్షను మెమరీ వదలదు. మూయడానికి కూడా ఒక కాల్‌బ్యాక్ తీసుకుంటుంది, అది వచ్చేదాకా మెమరీ ముట్టుకోవద్దంటుంది. మధ్యలో ఉన్న కనెక్టులూ రైటులూ మాయమైపోవు, "రద్దయింది" అన్న ఎర్రరుతో వాటి కాల్‌బ్యాక్‌లు వస్తాయి. వర్కర్ థ్రెడ్‌లో ఇప్పటికే నడుస్తున్న పనిని రద్దు చెయ్యమంటే "బిజీ" అని ఎర్రరిస్తుంది. 2019లో లినక్స్‌లోకి వచ్చిన ఐఓ యూరింగ్‌లో రద్దు చెయ్యమంటే మూడు రకాల జవాబులొస్తాయి. రద్దు చేశాను, అలాంటి పని దొరకలేదు, ఇప్పటికే నడుస్తోంది ఆగుతుందో లేదో చెప్పలేను. ఏ జవాబొచ్చినా అసలు పని ముగింపు కబురు విడిగా చూసుకోవాల్సిందే, అప్పటిదాకా బఫరు కెర్నెల్ చేతిలో ఉన్నట్టే. విండోస్‌లోనూ అంతే, రద్దు పిలుపు తిరిగొచ్చినంత మాత్రాన ఓవర్‌ల్యాప్డ్ స్ట్రక్చర్ని వదిలెయ్యకూడదు. లినక్స్ కెర్నెల్ టైమర్లలో అయితే ఉత్తినే తొలగించే ఫంక్షను వేరు, నడుస్తున్న హ్యాండ్లరు ముగిసేదాకా ఆగే ఫంక్షను వేరు. అవీ చాలక, ముగిశాక మళ్ళీ ఎవరూ మొదలుపెట్టకుండా పూర్తిగా మూసేసే మూడో ఫంక్షను 6.2 వెర్షన్లో చేర్చారు. ఇంత పెద్దవాళ్ళు ఒక్క "ఆపు" అన్న మాటకి మూడు మాటలు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

మరి చెయ్యాల్సిందేమిటి? మేం చేసిన మరమ్మతు చెప్తాను.

ఒక్కో కనెక్షను స్ట్రక్చర్‌లో ఒక లెక్క పెట్టాం. ఏ పని మొదలుపెట్టినా ఒకటి కలుపు. ఏ పని ముగిసినా, అది గెలిచినా ఓడినా రద్దయినా, ఒకటి తియ్యి. ఎర్రరొస్తే చేసేది రెండే.. "మూస్తున్నాం" అని గుర్తు పెట్టు, నడుస్తున్న పనులన్నిటినీ ఆగమని అడుగు. అంతే, ఫ్రీ చెయ్యకు. ఎప్పుడు లెక్క సున్నా అయితే అప్పుడు, ఒకే ఒక్క చోట ఫ్రీ. మొత్తం ప్రోగ్రాములో ఈ స్ట్రక్చర్ని ఫ్రీ చేసే లైను ఒక్కటే ఉండాలి. రెండోది కనిపిస్తే రివ్యూలో అడ్డంగా పడుకోండి. ఇంజిన్-ఎక్స్ సర్వరు కూడా ఒక్కో రిక్వెస్టులో ఇలాంటి లెక్కే పెట్టుకుంటుంది. ఇందాక ఎగతాళి చేసిన "మూసేశాం" గుర్తే ఇక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఎందుకంటే లెక్క ఉన్నంతవరకూ గోడ నిలబడే ఉంటుంది.

ఇందులో మూడు మెలికలున్నాయి. ఒకటి, మూసే ఫంక్షను తనకోసం కూడా ఒకటి కలుపుకోవాలి. లేకపోతే "ఆగు" అనగానే ఒక కాల్‌బ్యాక్ అక్కడికక్కడే వచ్చి, లెక్క సున్నా అయిపోయి, మూసే ఫంక్షను కాళ్ళకింద నేలే పోతుంది. రెండు, వర్కర్ థ్రెడ్ నేరుగా స్ట్రక్చర్‌లో రాయకూడదు. తన ఫలితం తన డబ్బాలో పెట్టుకుని ఈవెంట్ లూపుకి అందించాలి. లెక్క తగ్గించడం, స్ట్రక్చర్‌లో రాయడం లూపు థ్రెడ్ పని. మూడోది పని మొదలెట్టడంలోనే ఎర్రరొస్తే ఏంటన్నది. చాలామంది బోర్లా పడేది ఇక్కడే.

పని మొదలే కాకపోవడం వేరు, మొదలై ఓడిపోవడం వేరు. మొదలే కాకపోతే ఫంక్షను తిరిగిచ్చే విలువలోనే ఎర్రరు రావాలి, కాల్‌బ్యాక్ రాకూడదు. మొదలైతే కాల్‌బ్యాక్ కచ్చితంగా ఒక్కసారి రావాలి. రెండూ రావడం గానీ, రెండూ రాకపోవడం గానీ ఉండకూడదు. రెండూ వస్తే లెక్క రెండుసార్లు తగ్గి డబుల్ ఫ్రీ. ఏదీ రాకపోతే లెక్క ఎప్పటికీ సున్నా కాక లీకు. ఏ లైబ్రరీ వాడినా ముందు ఈ ఒక్క పేరా డాక్యుమెంట్‌లో వెతుక్కోండి. లేకపోతే ఆ లైబ్రరీ కోడు చదవండి. అదీ కుదరకపోతే ఆ లైబ్రరీ వాడకండి.

ఎర్రర్ల గురించి ఇంకో మాట. మూస్తున్నప్పుడు ఎర్రర్లు గుంపుగా వస్తాయి. సాకెట్టు తెగింది అన్నది మొదటిది. దాని వెనకే టైమరు రద్దు, వెతుకులాట రద్దు, రైటు రద్దు. చివరగా వచ్చినదాన్ని దాచుకుంటే లాగులో "రద్దయింది" అని పడుతుంది. ఎందుకు రద్దయిందో దేవుడికెరుక. మొదటి ఎర్రరే అసలు ఎర్రరు, దాన్ని తర్వాతవి చెరపకూడదు. ఆపిల్ కథలో చివరి మెట్టు మాటే మొత్తం మాటగా చెలామణీ అయినట్టు, ఇక్కడా చివరి కబురు మొత్తం కథని మింగేస్తుంది.

అలాగే, దిగే మెట్ల మీద కొత్తగా మాలోక్ చెయ్యకండి. మెమరీ అయిపోయిందన్న ఎర్రరు మీదే దిగుతూ, దిగడానికి మెమరీ అడిగితే ఎవరిస్తారు? మూయడానికి కావాల్సినవి తెరిచేటప్పుడే పక్కన పెట్టుకోవాలి. ఎస్‌క్యూలైట్ వాళ్ళ టెస్టులు చూస్తే దండం పెట్టబుద్ధేస్తుంది. మొదటి మాలోక్ కావాలని ఫెయిల్ చేస్తారు, తర్వాత రెండోది, తర్వాత మూడోది.. ఒక్కటీ ఫెయిల్ కాకుండా ప్రోగ్రాము చివరిదాకా వెళ్ళేవరకూ అలా నడుపుతూనే ఉంటారు. మేం అంతదూరం పోలేదు గానీ, ఒక్కో పనినీ వంతులవారీగా ఫెయిల్ చేసే చిన్న టెస్టు రాసుకున్నాం. మొదటి రోజే ఇంకో రెండు బగ్గులు దొరికాయి. రెండూ నావే, చెప్పక్కర్లేదనుకుంటా.

"ఏదో ఒక పని ఎప్పటికీ ముగియకపోతే? లెక్క సున్నా కాదు, మెమరీ అలాగే పోగుపడుతుంది కదా" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి మందు ప్రతి పనికీ దాని సొంత గడువు పెట్టడం, ఆ గడువు దాటితే ఎర్రరుతోనైనా సరే ముగిసేలా చూడటం. అంతేగానీ ముగియనిదాన్ని ముగిసిందనుకోవడం కాదు. అయినా లీకు, యూజ్ ఆఫ్టర్ ఫ్రీ రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సొస్తే నేను కళ్ళు మూసుకుని లీకు తీసుకుంటాను. లీకు గ్రాఫులో కనిపిస్తుంది, రీస్టార్టు చేస్తే పోతుంది. ఇంకొకళ్ళ ఖాతాలో పడిన రీడింగు రీస్టార్టు చేస్తే పోదు.

"ఇంకా సి ఏంటండీ, రస్ట్ వాడొచ్చుగా" అనేవాళ్ళూ ఉంటారు. నిజమే, కొత్తగా మొదలుపెట్టేదైతే నేనూ ఆలోచిస్తాను. నా నాలుగు లైన్లలాంటి కోడుని రస్ట్ కంపైలరు గడప దాటనివ్వదు. కానీ అక్కడ కూడా అసింక్ పనిని మధ్యలో వదిలేస్తే, ఐఓ యూరింగ్ ద్వారా కెర్నెల్‌కి ఇచ్చిన బఫరు సంగతేంటన్న ప్రశ్న అలాగే ఉంది. అందుకే ఆ లైబ్రరీల్లో బఫర్ని అరువివ్వకుండా యాజమాన్యమే అప్పజెప్పి, పని ముగిశాక తిరిగి తీసుకుంటారు. భాష మారితే కాపలా మారుతుంది. ప్రశ్న మారదు.. ఇది ఇప్పుడు ఎవరిది, వాళ్ళ పని ముగిసిందని నాకెవరు చెప్పారు?

బగ్గు దొరికిన రోజు సాయంత్రం ఆ అమ్మాయి సీటు దగ్గరికెళ్ళి చెప్పాను, "నువ్వు అడిగిందే నిజమమ్మా, ఆరోజు నేను విని ఉండాల్సింది" అని. తను మొహమాటంగా నవ్వి ఊరుకుంది. ఆరోజు "కాకపోతే మాత్రం మనం చేసేదేముంది" అన్నాను కదా. చేసేది ఒకటుంది. ఫ్రీ చెయ్యకుండా ఉండటం. ఎర్రరు విలువని పట్టించుకోనివాళ్ళు ఎక్కువమంది బద్ధకంతో కాదు, నాలాగే "తెలిస్తే మాత్రం ఏం చేస్తాం" అనుకుని వదిలేస్తారు. చాలాసార్లు చెయ్యాల్సింది కొత్తగా ఏదో చెయ్యడం కాదు, చెయ్యబోతున్నది ఆపడం.

ఆ ఫిర్యాదు చేసినవాళ్ళకి కూడా రాశాం, తప్పు మీటరుది కాదు మాది అని. తప్పుగా పడిన రీడింగులు సరిచేసి పంపాం. నా ఉద్యోగంలో రాసిన మెయిళ్ళన్నిట్లో అదే కష్టమైనది.

మొన్న ఊరెళ్ళినప్పుడు ఈ కథంతా బాబాయికి చెప్పాను. కంప్యూటర్ గొడవ ఆయనకెంత అర్థమైందో తెలీదు గానీ, లస్కరు మాట దగ్గర పకపకా నవ్వాడు. ఇప్పుడాయన కాలువ బంద్ అని పేపర్లో చదివి మేస్త్రీని పిలవడు. రోజూ పొద్దున్నే గట్టెక్కి చూస్తాడట. "అడుగున బురద బీటలిచ్చాకే రా మేస్త్రీకి ఫోను" అన్నాడు.

మీ కోడులో రద్దు చేసి వదిలేసిన పనులు ఎన్నున్నాయో ఒకసారి వెతికి చూడండి. నాకైతే మొదటి వెతుకులాటలో 11 దొరికాయి. అన్నట్టు, వచ్చేటప్పుడు పూతరేకులు తెచ్చాను. రద్దుకి వచ్చే జవాబు చూడకుండా ఫ్రీ చేసేవాళ్ళకి మాత్రం ఇవ్వను.